విండోస్ 11 వేశాక కంప్యూటర్ లేవట్లేదు: తప్పెవరిది?

యాంకర్: నమస్కారం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. సరే కదా అని 11 వేసుకుంటే కొందరికి పొద్దున్నే నీలం తెర. సూటిగా అడుగుతున్నా, ఇది కొత్త ల్యాప్‌టాప్‌లు అమ్ముకునే ఎత్తేనా?

రిపేర్ షాపు ఓనర్: ఎత్తూ లేదు ఏమీ లేదు సార్. నా దగ్గరికొచ్చేవాటిలో చాలావరకు అసలు పాడైనవే కావు. నీలం తెర 48 అంకెల కీ అడుగుతుంది, అది బిట్‌లాకర్, డిస్క్‌కి వేసే తాళం. జనం డిస్క్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టించేస్తారు, పిల్లల ఫొటోలన్నీ గోవిందా...

ఇంజినీర్: ఆ కీ మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే...

షాపు ఓనర్: ఆగండి మేడమ్, అక్కడికే వస్తున్నా.

యాంకర్: టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోతే 11 పనికిరాదన్నారు. ఇది అమ్మకాల కోసం కాదా?

ఇంజినీర్: అది వేరే గొడవండీ. అప్‌గ్రేడే కాని మెషీన్‌కి బూట్ ఎర్రర్, అంటే లేవని సమస్య, ఎలా వస్తుంది? బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల్లో, సెక్యూర్ బూట్ లాంటి భద్రతా ఆప్షన్లు మారిస్తే బిట్‌లాకర్‌కి అనుమానమొచ్చి కీ అడుగుతుంది. ముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేసి, అంటే తాత్కాలికంగా ఆపి ఉంటే...

షాపు ఓనర్: నేననేదీ అదే! బయోస్‌లో వేలు పెట్టొద్దు. మొన్న ఒకాయన వీడియో చూసి డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని, అదే సాటా మోడ్‌ని, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చేశాడు. ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్, అంటే విండోస్ ఉన్న డిస్క్ అందట్లేదని మొరాయించింది. తిరిగి రెయిడ్ పెట్టా, లేచి కూర్చుంది. రెండు నిమిషాల పని.

లెక్చరర్: ఎంత తీసుకున్నారు?

(నవ్వులు)

షాపు ఓనర్: అది వదిలేయండి. ఎక్స్‌పీ రోజుల్లో అయితే సీడీ వేస్తే...

లెక్చరర్: ఎక్స్‌పీ ఎందుకండీ ఇప్పుడు? లేవని విండోస్‌ని సరిచేసే స్టార్టప్ రిపేర్ నడుపుదామని రికవరీ తెరలోకి వెళ్తే, అదే అక్టోబర్ 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ దెబ్బకి అక్కడ యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ రెండూ పనిచేయలేదు. 20న సరిచేశారనుకోండి. ఈలోపు ఇరుక్కున్నవాడు ఏ బటన్ నొక్కాలి?

యాంకర్: అంటే కొత్తది కొనుక్కోవాల్సిందే! కుట్రే అంటారు?

లెక్చరర్: నేనలా అనలేదు.

షాపు ఓనర్: కుట్ర కాదు, కంగారు! కీ రాసి పెట్టుకోరు, బ్యాకప్ తీయరు, బయోస్‌లో దూరతారు. మూడోసారి చెప్తున్నా...

ఇంజినీర్: ఒక్క మాట. పది రోజుల్లోపు, పాత ఫైళ్లుండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్ చెరపకుండా ఉంటే, పాత విండోస్‌కి...

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. కంపెనీల అమ్మకాల వ్యూహం మీద ముగ్గురూ...

ఇంజినీర్: ముగ్గురూ ఏమన్నామండీ?

షాపు ఓనర్: బయోస్ ముట్టుకోవద్దు, నాలుగోసారి!