మందు కొట్టే ముందు ముఖం చూడండి

వేదిక మీది పెద్దలకు, మిద్దె తోటల మిత్రులకు నమస్కారం. కూరగాయ మొక్కల మీద వాలే చిన్న ఈగలను ఎలా పోల్చుకోవాలో చెప్పమన్నారు. పండు ఈగతో మొదలుపెడదామని రాసుకొచ్చాను. కానీ నాకు ముందు మాట్లాడిన మిత్రులు "చిక్కుడు పాదు నిండా కందిరీగలు, మందు కొట్టేశాం" అన్నారు. సభంతా తల ఊపింది. ఇక ఆ కాగితం జేబులోకే.

అయ్యా, అవి చాలావరకు కందిరీగలు కావు, పూల ఈగలు. శాస్త్రంలో సిర్ఫిడ్ ఈగలంటారు. పసుపు, నలుపు చారలు చూసి మనం బెదిరిపోతాం. పాపం, దానికి కుట్టే ముల్లే లేదు! ఈగకు రెండు రెక్కలు, కందిరీగకు నాలుగు. అయితే కందిరీగ వెనక రెక్కలు ముందు రెక్కలకు కొక్కేలతో తగులుకుని ఉంటాయి కాబట్టి లెక్క తప్పుతుంది. అందుకే ముఖం చూడమంటాను. మీసాలు పొట్టిగా, కనీకనిపించకుండా ఉంటే పూల ఈగ. పొడవుగా ముందుకు చాచుకుని ఉంటే కందిరీగ. పూల ఈగకు తలంతా కళ్లే. చాలా జాతుల్లో ఆ కళ్లు నడినెత్తిన కలిస్తే మగది, మధ్య ఎడం ఉంటే ఆడది.

మా అపార్టుమెంటు మేడ మీదా ఇదే జరిగింది. చిక్కుడుకు రసం పీల్చే పేనుబంక పురుగు పట్టింది, వెనకే పూల ఈగలు వచ్చాయి. ఆకుల అడుగున కాళ్లు లేని, ముందువైపు సన్నబడిన ఆ ఈగల పిల్లపురుగులు కనిపించాయి. ఆ పురుగు ఒక్కటే ఎదిగేలోపు వందల పేనుబంకను తినగలదు. నేను ఊరెళ్లి వచ్చేసరికి సంఘం వారు మనిషిని పెట్టి మేడంతా మందు కొట్టించారు. ఈగలు పోయాయి. మిగిలిన కాస్త పేనుబంక మగదానితో పని లేకుండానే పిల్లల్ని కంటుంది కదా, వారాల్లోనే చిక్కుడు పాదునంతా నల్లగా కప్పేసింది. అప్పుడు నన్నే అడిగారు, "మీ చిక్కుడుకు తెగులేమిటండీ?" అని!

ఈ ఊరికి రెక్క చూడడం కొత్త కాదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ సైనిక వైద్యుడు, కీటకాల పండితుడు కాదు. దోమ జాతి పేరు తెలియక "రెక్కల మీద మచ్చలున్న దోమ" అని గుర్తు పెట్టుకున్నారు. అదే అనాఫిలిస్. మనకూ ఆ మాత్రం చూపు చాలు.

పండు ఈగ సంగతి క్లుప్తంగా. బీర, కాకర పిందెల్ని పాడుచేసే ఈగకు వీపు మీద మూడు పసుపు చారలు, రెక్క కొసన గోధుమ మచ్చ. మామిడి, జామ మీది దానికి చారలు రెండే, రెక్క దాదాపు తేటగా ఉంటుంది. వీటి పురుగు కాయ లోపలే ఉంటుంది కాబట్టి పైన కొట్టిన మందు దానికి అందదు. పిందెలకు కాగితం సంచులు తొడగండి. పుచ్చిన కాయను ఎరువు కుండీలో వేయకండి.

చివరగా ఒక్క కోరిక. మేడ మీద మందు కొట్టాలంటే రెండు రోజుల ముందు నోటీసు పెట్టాలని మీమీ సంఘాల్లో తీర్మానం అడగండి. అడుగుతామన్నవారు చేతులెత్తండి. వెనక వరుసలో అమ్మా, మీరు కూడా.