సంతకం రాణిగారిది, జైలు సెక్రటరీది

అధ్యక్షుల వారికి, గ్రంథాలయ కార్యదర్శి గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న నా పాత సహోద్యోగులకు, వెనక నిలబడ్డ డిగ్రీ పిల్లలకు నమస్కారం. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ముందుకు రండి బాబూ.

వారోత్సవాల్లో చరిత్ర మీద ఏదో ఒకటి మాట్లాడమన్నారు. ఇవాళ నవంబర్ 17. 1558లో ఇదే తేదీన మొదటి ఎలిజబెత్ ఇంగ్లండ్ రాణి అయింది. ఈస్టిండియా కంపెనీకి 1600 డిసెంబర్ 31న పట్టా ఇచ్చింది ఈవిడే. ఆ పట్టా పట్టుకుని కంపెనీవాళ్లు 1611లో మన మచిలీపట్నంలో దిగారు. అది ఇంకో ఉపన్యాసం, అటు వెళ్లను.

ఆవిడ పాలన ఎలా నడిచిందో దర్బారు, కౌన్సిల్, జిల్లా అధికారులు అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను. కానీ నేను రెవెన్యూలో పనిచేసిన మనిషిని. కింది నుంచి మొదలుపెడితేనే నాకు మాట సాగుతుంది.

ఆనాటి ఇంగ్లండ్‌లో జీతాలిచ్చి పోషించే పోలీసుల్లేరు, శాశ్వత సైన్యం లేదు. మరి రాణిగారి హుకుం పల్లెటూళ్లో ఎలా అమలయ్యేది? ప్రతి కౌంటీలోనూ, అంటే మన జిల్లా లాంటిది, ‘జస్టిస్ ఆఫ్ ది పీస్’ అని కొంతమంది ఉండేవారు. అక్కడి భూస్వాములే. మూడు నెలలకోసారి కోర్టు పెట్టేవారు. దొంగతనాలు విచారించడం, వంతెనలు బాగుచేయించడం, సారా దుకాణాలకు లైసెన్సులివ్వడం, 1563 చట్టం ప్రకారం కూలి రేట్లు కట్టడం అన్నీ వాళ్ల నెత్తినే. జీతం లేదు. కోర్టు జరిగిన రోజులకు నాలుగు షిల్లింగుల బత్తా మాత్రం ఉండేది. 1587 జనవరిలో, పంట పోయి ధరలు మండిపోతుంటే, కొట్టాల్లో ధాన్యం లెక్కగట్టి సంతకు తెప్పించండని లండన్ నుంచి ఉత్తర్వులొచ్చాయి. ఆ కొట్టాల్లో కొన్ని ఆ జస్టిస్‌లవే, వాళ్ల చుట్టాలవే! అయినా ఎంతో కొంత పని జరిగింది. ఎందుకంటే జస్టిస్‌ల జాబితాలోంచి పేరు తీసేస్తే కౌంటీలో తలెత్తుకోలేరు. పైగా ఏడాదికి రెండుసార్లు లండన్ జడ్జీలు వచ్చి, ఎవరు పని చేస్తున్నారో, ఎవరు నిద్రపోతున్నారో చూసి వెళ్లేవారు. జీతమిచ్చినా పని జరగని ఆఫీసులు నేను చూశాను కాబట్టి, ఈ ఏర్పాటంటే నాకు కొంచెం గౌరవమే.

దర్బారు సంగతి త్వరగా చెప్పేస్తాను. రాణి ఎక్కడుంటే ప్రభుత్వం అక్కడే. వైట్‌హాల్, గ్రీనిచ్, రిచ్‌మండ్, వేసవిలో ప్రభువుల ఇళ్లు. బయటి హాలు దాకా చాలామంది వచ్చేవారు, లోపలి గదిలోకి కొందరే. భూములు, పదవులు, గుత్తాధిపత్యాలు అన్నీ ఆ తలుపుకి అవతలే ఉండేవి. లోపల కొలువు చేసేవాళ్లు చాలావరకు ఆడవాళ్లు. ఓ మాట చెవిన వేయమని పెద్ద పెద్ద ప్రభువులు కూడా వాళ్లని బతిమాలుకునేవారు.

ఇక కౌన్సిల్, అంటే రాణికి సలహా చెప్పి పాలన నడిపే పెద్దల సభ. అక్క మేరీ కాలంలో 40 మందికి పైగా ఉన్నదాన్ని ఈవిడ సగానికి కుదించింది. సమావేశాల్లో ఆవిడ మామూలుగా కూర్చునేది కాదు. వాళ్లు మాట్లాడుకున్నది సెక్రటరీ తీసుకెళ్లి విన్నవించాలి, సంతకాలు తేవాలి. మొదట సెక్రటరీ విలియం సెసిల్, తర్వాత బర్లీ ప్రభువయ్యాడు, 1572లో ఖజానా చేతికొచ్చింది. ఆ తర్వాత వాల్సింగ్‌హామ్. 1586లో అతనికి తోడుగా విలియం డేవిసన్‌ని వేశారు.

ఈ డేవిసన్ దగ్గర నేను ఆగాలి. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, తెలుసండీ. అయినా ఆగాలి.

ఎలిజబెత్‌ని చంపే కుట్రలో ఉందని స్కాట్లండ్ మాజీ రాణి మేరీకి (అక్క మేరీ కాదు, ఈవిడ వేరు) మరణశిక్ష ఖాయమైంది. కానీ ఎలిజబెత్ సంతకం పెట్టదు. మింగలేక, కక్కలేక. చివరికి 1587 ఫిబ్రవరి 1న వారెంటు తెమ్మని డేవిసన్‌కి కబురొచ్చింది. సంతకం పెట్టింది, ముద్ర వేయించమంది. అదే రోజు ఇంకో మాట అంది: మేరీకి కాపలా ఉన్న పౌలెట్‌కి రాయండి, ఆయనే గుట్టుగా పని కానివ్వకూడదా అని. కర్ర విరక్కుండా పాము చావాలన్నమాట! చట్టమూ వారెంటూ లేకుండా రక్తం చిందించనని పౌలెట్ తిరుగుటపాలో రాశాడు. శభాష్ అనాలి.

మర్నాడు రాణి, ముద్రకి తొందరేం లేదంది. అప్పటికే ముద్ర పడిపోయింది. డేవిసన్‌కి చెమటలు పట్టాయి. కౌన్సిల్ సభ్యుడు హాటన్ దగ్గరికి, బర్లీ దగ్గరికి పరిగెత్తాడు. బర్లీ 3వ తేదీన సభ్యుల్ని పిలిచాడు. ఆవిడకి మళ్లీ చెప్పకుండా పంపించేద్దామని అందరూ కలిసే తీర్మానించారు. కౌన్సిల్ గుమాస్తా రాబర్ట్ బీల్ కాగితం పట్టుకెళ్లాడు. 8న ఫోదరింగే కోటలో మేరీ తల తెగింది.

రాణిగారు ఏడ్చింది, మండిపడింది. నేను పంపమన్నానా అంది.

పిల్లలూ, మీలో గ్రూప్స్ రాస్తున్నవాళ్లు చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. వినండి. నాకూ ఓసారి పైఅధికారి ఫోన్‌లో "ఫైలు కదపవయ్యా, నేనున్నాగా" అన్నారు. విచారణ వచ్చేసరికి ఆయన లేరు, మెమో నా పేరు మీద ఉంది. ఆ టెన్షన్‌లో మా ఇంట్లో పండగలు కూడా చేసుకోలేదు. అప్పుడే ఈ డేవిసన్ కథ నా కంటబడింది. ఇన్నేళ్లయినా వదల్లేదు.

అతన్ని లండన్ టవర్‌లో పెట్టారు. మార్చి 28న కౌన్సిల్ పెద్దలు, జడ్జీలు కూర్చునే స్టార్ చాంబర్ కోర్టులో విచారణ, 10,000 మార్కుల (అప్పటి డబ్బు లెక్క) జరిమానా, రాణిగారి దయ కలిగేదాకా ఖైదు. ఏడాదికి పైగా లోపలే ఉన్నాడు. ఈ కథలో చాలాభాగం డేవిసన్ చెప్పుకున్నదే కదా, తనకు అనుకూలంగా చెప్పుకోడా అని మీరనొచ్చు. అనండి. కానీ పౌలెట్ జవాబు పాఠం ఇవాళ్టికీ ఉంది. అడగకుండా ఎవరైనా అలాంటి జవాబు రాస్తారా?

నా దృష్టిలో ఆవిడ పాలన గుట్టంతా ఇదే. నిర్ణయం ఆవిడదే, కానీ తప్పుకోవడానికి ఓ దారి ఎప్పుడూ ఉంచుకునేది. ఆ దారికి అడ్డంగా ఎవరో ఒక డేవిసన్ ఉండేవాడు. గొప్ప రాణి అంటే నేను కాదనను. 44 ఏళ్లు ఊరికే నిలబడలేదు.

బర్లీ మీద కూడా కోపమొచ్చింది. కొన్ని నెలలు ముఖం చూడలేదు, మళ్లీ పిలిపించుకుంది. 1590లో వాల్సింగ్‌హామ్ పోయాక, డేవిసన్‌ని తిరిగి తీసుకోమని తనకు ఇష్టుడైన ఎసెక్స్ ప్రభువు ఎంత చెప్పినా రాణి వినలేదు. 1596లో ఆ సెక్రటరీ కుర్చీ రాబర్ట్ సెసిల్‌కి ఇచ్చింది. ఎవరనుకున్నారు? బర్లీ కొడుకు.

చీటీ వచ్చింది. ప్రశ్నలుంటే అడగండి.