ఎర్రది, తెల్లది, రెండూ కలిసింది

అధ్యక్షులకి, పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న పిల్లలకి నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తకం గొప్పతనం గురించి చెప్పమన్నారు. నేను పుస్తకంలోని మాట గురించి చెబుతాను. అధ్యక్షులు మన్నించాలి.

కొన్నేళ్ల కిందట ప్రాచీన ఈజిప్టు రాజులు తలమీద ధరించేవాటి గురించి ఒక పత్రికకి వ్యాసం పంపాను. తీరా అచ్చయ్యాక చూస్తే హెజెత్, దెష్రెత్, నెమెస్ అన్నీ కొట్టేసి ప్రతిచోటా ‘కిరీటం’ అని పెట్టారు. ‘ఒక కిరీటంలో ఇంకో కిరీటం పెడితే మరో కిరీటం అవుతుంది’ అని పడింది! ఫోన్ చేస్తే, ‘ఆ పేర్లు పాఠకులకి నోరు తిరగవు మాస్టారూ’ అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏముంది ఆ పేర్లలో? హెజెత్ అంటే తెల్లది. దెష్రెత్ అంటే ఎర్రది. అంతే. మన రైతు ఎర్రావు, తెల్లావు అన్నట్టే. తెల్లది దక్షిణాన ఉన్న ఎగువ ఈజిప్టుది, ఎర్రది నైలు డెల్టాలోని దిగువ ఈజిప్టుది. చుట్టూ ఉన్న ఎడారినీ దెష్రెత్ అనే అన్నారు, ఎర్రనేల అని. నెమెస్ అయితే అసలు కిరీటమే కాదు, చారల తలగుడ్డ. ఈజిప్టు రాజు టుటాంఖామున్ బంగారు ముసుగు మీద భుజాల దాకా దిగేది అదే. దాన్ని కిరీటం అంటే మన తలపాగాని కిరీటం అన్నట్టు కాదా?

నార్మర్ రాజు రాతి పలక ఫొటో చూడండి. అరవై సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు, ఐదు వేల ఏళ్ల నాటిది. ఒకవైపు పొడుగాటి హెజెత్ పెట్టుకుని, శత్రువు జుట్టు పట్టుకుని గద ఎత్తాడు. తిప్పితే దెష్రెత్‌తో నడుస్తున్నాడు. చెప్పులు మోసేవాడు రెండువైపులా రాజు వెనకే ఉన్నాడు. మనిషి ఒక్కడే, తలమీదిది మాత్రం మారింది. రెండు చోట్లా ‘కిరీటం’ అని రాస్తే ఆ శిల్పి చెప్పిందంతా పోయినట్టే!

ఇంకొక్క సంగతి, దయచేసి వినండి. హెజెత్ గానీ దెష్రెత్ గానీ ఇంతవరకు ఒక్కటి కూడా తవ్వకాల్లో దొరకలేదు. 1922లో బయటపడ్డ టుటాంఖామున్ సమాధిలో ఐదు వేలకి పైగా వస్తువులున్నాయి. రాజదండాలు ఉన్నాయి, వంపు కర్ర హెకా, కొరడాలాంటి నెఖఖా. హెజెత్, దెష్రెత్ మాత్రం లేవు. బొమ్మలూ పేర్లే మిగిలాయి. ఆ పేర్లు కూడా చెరిపేస్తే ఎలాగండీ?

తెలుపూ ఎరుపూ కలిపి పెట్టుకున్నదాన్ని ‘పా సెఖెమ్తి’ అన్నారు, రెండు శక్తులు అని. గ్రీకుల నోట్లో అది ‘ప్స్ఖెంట్’ అయింది. వాళ్లకీ నోరు తిరగలేదు మరి. అయినా ఒకే శాసనాన్ని ఈజిప్టు లిపుల్లోనూ గ్రీకులోనూ చెక్కిన క్రీ.పూ. 196 నాటి రొసెట్టా రాయి మీద గ్రీకు భాగంలో ఏమని చెక్కారు? ‘ప్స్ఖెంట్ అని పిలిచే కిరీటం’ అని! తమ మాటా ఉంచారు, ఈజిప్టు మాటా ఉంచారు. నేను ఆ పత్రికని అడిగింది కూడా అంతే.

పిల్లలూ, నాతో ఒకసారి అనండి. హెజెత్. దెష్రెత్. ఏదీ, గట్టిగా!