ఒక్క ఉచ్చు మీద నిలబడే పని

అందరికీ నమస్కారం.

గ్రంథాలయంలో ప్రసంగించేవాళ్లు చేతిలో కాగితాలతో నిలబడతారు. నేను దారపు ఉండతో నిలబడ్డాను. ఏమీ అనుకోకండి, మాట్లాడుతూనే క్రోషే అల్లుతాను. చేతులు ఊరికే ఉంటే నాకు మాట తడబడుతుంది. ఇది టీ గ్లాసు కింద పెట్టుకునే బిళ్ల. గడియారం చూసి మరీ మొదలుపెట్టాను, పదీ ఇరవై అయింది. ముందు వరుసలో కూర్చున్న పాప ఆ సమయాన్ని నోటు పుస్తకంలో రాసి ఉంచితే చాలు. దానితో తర్వాత పని ఉంది.

మాది నరసాపురం దగ్గర ఒక పల్లెటూరు. చిన్నప్పుడు మా ఇళ్లలో దీన్ని క్రోషే అనడం నేను వినలేదు. 'లేసు' అనేవాళ్లు, అంతే. ఫలానా ఇంటి కోడలు లేసు బాగా అల్లుతుందంటే ఆ ఇంటికి అదొక గౌరవం. క్రోషే అనేది ఫ్రెంచి మాట, చిన్న కొక్కెం అని అర్థం. పనిముట్టు పేరే పనికీ పేరయింది. నిజానికి ఇందులో ఉన్న పనిముట్టు కూడా ఆ ఒక్కటే.

స్వెట్టర్ల అల్లికకూ దీనికీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. స్వెట్టరు అల్లేటప్పుడు వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదే ఉంటాయి. వంద కుట్ల వరుసైతే వంద ఉచ్చులూ కాచుకుని కూర్చుంటాయి. సూది జారితే అన్నీ జారతాయి. క్రోషేలో కుట్టు పూర్తయ్యేసరికి కొక్కెం మీద మిగిలేది ఒకే ఒక్క ఉచ్చు. ఇదిగో చూడండి, కొక్కెం తీసేస్తున్నాను. ఏమీ కాలేదు. ఈ ఉచ్చుకు ఒక పిన్నీసు గుచ్చి లేచి వెళ్లిపోవచ్చు. కుక్కరు మూడో విజిల్ వేసినా, పాలవాడు పిలిచినా, ఒళ్లో పిల్లాడు లేచినా ఫరవాలేదు. తిరిగి వచ్చి ఆగినచోటే అందుకోవచ్చు.

ఇంటి పనుల మధ్య ఈ కళ ఇంతగా ఇమిడిపోవడానికి కారణం ఈ ఉచ్చే. దీనికి సరైన ధర రాకపోవడానికి కారణమూ ఇదేనని నా అభిప్రాయం. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు బిళ్ల చూద్దాం.

మొదటి వరుసలో ఆరు పొట్టి కుట్లు వేశాను. రెండో వరుసలో ఒక్కో కుట్టులో రెండేసి వేస్తే పన్నెండయ్యాయి. మూడులో పద్ధెనిమిది, నాలుగులో ఇరవై నాలుగు. ప్రతి వరుసకూ ఆరు పెరగాలి. ఆరే ఎందుకు? పొట్టి కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. ఒక వరుస వేస్తే వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టంత పెరుగుతుంది. అప్పుడు చుట్టుకొలత రెండు 'పై'లంత, అంటే 6.28 కుట్లంత పెరగాలి. పావు కుట్టు వేయలేం గనుక ఆరుతో సరిపెట్టుకుంటాం. దారానికి కాస్త సాగే గుణం ఉంది కాబట్టి మిగిలింది అదే సర్దుకుంటుంది. పొడుగు కుట్లతో అల్లితే ఈ లెక్క చెల్లదు, అక్కడ పన్నెండుతో మొదలుపెడతాం. మా అమ్మమ్మకు 'పై' తెలియదు. ఆరు మాత్రం తెలుసు.

పెంచడం మరిచిపోతే బిళ్ల అంచులు లేచి గిన్నె అవుతుంది. ఎక్కువ పెంచితే అంచు అలలు అలలుగా మడతలు పడి కోడిజుట్టు పువ్వులా తయారవుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి పాడైందని విప్పేస్తారు. డైనా టైమినా అని లాత్వియాలో పుట్టిన గణిత శాస్త్రవేత్త ఉన్నారు. అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ 1997లో ఆవిడ సరిగ్గా ఈ మడతల అల్లికనే కావాలని అల్లారు. హైపర్బోలిక్ తలం అని గణితంలో ఇలాగే మడతలు పడే ఒక వంపు తలం ఉంది. కాగితంతో చేసిన నమూనాలు త్వరగా చిరిగిపోతుంటే ఆవిడ కొక్కెం పట్టుకున్నారు. కాబట్టి మీ తొలి బిళ్ల మడతలు పడితే విప్పకండి. జడకు పెట్టుకునే క్లిప్పు మీద పువ్వుగా కుట్టేయండి.

ఇక బహుమతుల విషయం. వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు మొదట ఒక హెచ్చరిక. బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అనే కుట్టునే అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అంటారు. ఏ దేశపు నమూనానో చూడకుండా మొదలుపెడితే చిలుక కాస్తా కొంగ అవుతుంది. రెండోది దారం. చలిదేశాల వీడియోల్లో పసిపిల్లలకు ఉన్ని మేజోళ్లు ముద్దుగా ఉంటాయి. మన ఎండలకు నూలు దారమే మేలు. బారసాలకు బొమ్మ అల్లి ఇస్తే కళ్లకు పూసలు, గుండీలు పెట్టకండి. పసిపిల్లలు ఊడబెరికి నోట్లో పెట్టుకుంటారు. నల్లదారంతో కళ్లు కుట్టేస్తే సరి.

గుమ్మానికి మామిడాకుల తోరణం మీలో చాలామంది అల్లాలనుకుంటున్నారని విన్నాను. ఆకులు అల్లడం సులువే, అవి నిటారుగా నిలవడమే కష్టం. అందుకు మన వంటింట్లోనే మందు ఉంది. అన్నం వార్చిన గంజిని వడకట్టి, పల్చగా చేసి, అందులో ఆకును ముంచి పిండండి. పాత పీట మీద బట్ట పరిచి ఆకును దాని ఆకారంలో లాగి, తుప్పు పట్టని గుండుసూదులతో చుట్టూ బిగించండి. ఎండలో కాకుండా నీడన ఆరబెట్టండి. తెల్లారేసరికి ఆకు కార్డులా నిలబడుతుంది. కొన్ని దేశాల్లో పంచదార పాకం వాడతారు. మన ఇళ్లలో అలా చేస్తే తోరణానికి చీమల బారులు ఉచితం.

పాపా, ఇప్పుడు ఆరో వరుసలో ఉన్నాను. అది కూడా రాయమ్మా.

నరసాపురానికి ఈ విద్య పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వెంట వచ్చింది. మొదట వాళ్లు నేర్పింది పేదింటి ఆడవాళ్లకు. ఆ శతాబ్దంలోనే, 1845లో బంగాళాదుంప పంట కుళ్లి ఐర్లండులో మహా కరువు వచ్చింది. అక్కడ కాన్వెంట్లలోని సన్యాసినులు ఆడవాళ్లకు ఈ కొక్కెమే చేతికిచ్చారు. ఐరిష్ పూల లేసు అమ్మి ఎన్నో కుటుంబాలు ప్రాణాలు నిలబెట్టుకున్నాయి. గోదావరి ఒడ్డున గాని, ఐర్లండులో గాని దీన్ని కాలక్షేపం కోసం ఎవరూ మొదలుపెట్టలేదు. మెతుకుల కోసం మొదలుపెట్టారు. 'కాలక్షేపం' అన్న పేరు తర్వాత ఎవరో తగిలించారు.

ఎవరు తగిలించారో ఒక పుస్తకం చెబుతుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా ప్రాంతానికి వచ్చి, లేసు అల్లే ఆడవాళ్లతో మాట్లాడి రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు వాటిని కలిపే అతుకు పని చేస్తారు. ఆ బల్లగుడ్డ ఏ దేశంలో ఏ భోజనాల బల్ల మీదికి వెళ్తుందో ఇద్దరికీ తెలియదు. వంటా వార్పూ చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, చేతికొచ్చేది పొలం కూలి కన్నా బాగా తక్కువ. కారణం అడిగితే వ్యాపారుల దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. వీళ్లు గృహిణులు కదా, ఖాళీ సమయంలో ఏదో అల్లుకుంటారు అని. ఆ పుస్తకంలో నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. మా పిన్ని వేళ్లు నాకు తెలుసు. కానీ 'ఖాళీ' అన్న ఒక్క మాట అంత పని చేస్తుందని అంతకు ముందు ఎప్పుడూ తోచలేదు.

2024లో నరసాపురం క్రోషే లేసుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాను. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. కూలి మాట అందులో లేదు.

ఇంకో విషయం కూడా తెలుసుకోండి. స్వెట్టరు అల్లికకు యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. అసలైన క్రోషేను మాత్రం ఈనాటికీ చేత్తోనే అల్లాలి. క్రోషే యంత్రం అన్న పేరుతో అమ్మేవి చేసేది వేరే రకం అల్లిక. కొక్కెం ప్రతిసారీ అల్లిన గుడ్డలో ఒక్కో చోట, ఒక్కో దిక్కున దూరాలి. ఎక్కడ దూరాలో చూపుతో, వేలి కొసతో వెతుక్కోవాలి. కాబట్టి దుకాణంలో నిజమైన క్రోషే చొక్కా మరీ చవగ్గా వేలాడుతుంటే, అది ఏ యంత్రం చలవా కాదు. ఎవరి ఖాళీ సమయమో అక్కడ వేలాడుతోందన్నమాట.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. తెలిసినావిడ వాళ్ల అబ్బాయి ఒడుగుకు వచ్చినవాళ్లకు ఇవ్వడానికి తాళంచెవులకు తగిలించే చిలుకలు యాభై కావాలన్నారు. "దారం డబ్బులు నేనిస్తానండీ. మీకెలాగూ ఖాళీయే కదా" అన్నారు. నేను తలూపాను. ఒక చిలుకకు గంటా పావు పట్టింది. ముక్కు దగ్గరే పదిహేను నిమిషాలు. ఎర్రదారం కొస దాచడం అంత సులువేమీ కాదు. యాభై చిలుకలకు అరవై రెండున్నర గంటలు. నేనేమీ చేతకానిదాన్ని కాదు, ఇంటి లెక్కలన్నీ రాస్తాను. ఈ లెక్క మాత్రం చిలుకలన్నీ ఎగిరిపోయాక వేసుకున్నాను. మరుసటి ఏడు ఆవిడే వరలక్ష్మీ వ్రతానికి తాంబూలంతో ఇవ్వడానికి చిన్న సంచులు అడిగారు. ఈసారి చీటీ మీద రెండు వరుసలు రాసిచ్చాను, దారానికి ఇంత, గంటలకు ఇంత అని. మా ఇంట్లో కుళాయి బాగుచేసిన అతనికి గంటకు ఎంత ఇచ్చానో అంతే వేశాను. ఆవిడ చీటీని రెండుసార్లు చదివారు. యాభై వద్దని ఎనిమిది తీసుకున్నారు. ఆ ఎనిమిదీ ఎంత ఇష్టంగా అల్లానో చెప్పలేను.

ఊరికే ఇవ్వకూడదని నా ఉద్దేశం కాదు. నా మనవరాలి మేజోళ్లకు ఏ చీటీ రాస్తాను? ఇచ్చేటప్పుడు ఎన్ని గంటలు ఇస్తున్నారో మీకు మీరు తెలుసుకుని ఇవ్వండి అంటున్నాను.

పాపా, ఇప్పుడెంతయింది? పదీ ముప్పై ఐదా. తొమ్మిదో వరుస ముగిసింది. ఆరుతో మొదలై యాభై నాలుగు దాకా కలిపితే ఇప్పటికి 270 కుట్లు. బిళ్లకు పన్నెండు వరుసలు కావాలి, అంటే 468. ఆ పైన అంచు, కొసలు దాచడం, గంజి, ఆరబోత. అరగంటలో అయిపోతుందని మొదట్లో ఎవరైనా అనుకుని ఉంటే నేనేమీ అనను. ఇన్నేళ్ల తర్వాత నేనూ అలాగే అనుకుంటాను.

సరే, సంచులు తీయండి. ఒక్కొక్కరికి మూడు మిల్లీమీటర్ల కొక్కెం, లేత రంగు నూలు ఉండ ఉన్నాయి. ముదురు రంగైతే కొత్తవాళ్లకు కుట్టు కనపడదు, అందుకే తేలేదు. కుడిచేతి వాటం వాళ్లు నా పక్కన కూర్చోండి. ఎడమచేతి వాటం వాళ్లు నా ఎదురుగా రండి, అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకోవచ్చు. కళ్లజోళ్లు పెట్టుకోండి. ఆరు కుట్లు వేయగానే చెప్పండి, నేను వచ్చి లెక్కపెడతాను.