వేపచెట్టు కింద గోరింక పిల్ల

అక్క: గాయపడిన పక్షి పిల్లలకు ప్రథమ చికిత్స ఎలా చేయాలో ఈ వారం చెబుతామని మాట ఇచ్చాం. అన్నిటికంటే ముందుగా, దయచేసి వాటి నోట్లో నీళ్లు పోయకండి.

తమ్ముడు: చిన్నప్పుడు నేను చెప్పుల పెట్టెలో పక్షి పిల్లను తెచ్చిన నాటి నుంచీ ఆ మాట చెబుతూనే ఉన్నావక్కా.

అక్క: ఇకముందూ చెబుతాను. పక్షి నాలుక వెనకే శ్వాసనాళపు రంధ్రం ఉంటుంది కనుక, మనం ప్రేమతో పోసిన చుక్క ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది.

తమ్ముడు: నిన్న మన వేపచెట్టు కింద ఒంటి నిండా ఈకలతో, పొట్టి తోకతో గెంతుతున్న గోరింక పిల్లను తీయబోతే నువ్వు ఆపావు. పిల్లులు తిరిగే చోట దాన్ని వదిలేయడం దయ ఎలా అవుతుందో నాకు రాత్రంతా బోధపడలేదు.

అక్క: అది గూటి నుంచి పడిన పిల్ల కాదు, గూడు దిగిన పిల్ల. మూడు వారాలు దాటాక, రెక్కలు పూర్తిగా బలపడకముందే అవి గూడు వదులుతాయి. ఆపై కొన్నాళ్లు అవి నేల మీదా పొదల్లోనూ తిరుగుతుంటే తల్లీ తండ్రీ వెతుక్కుంటూ వచ్చి మేత పెడతాయి.

తమ్ముడు: పిల్లికి ఆ సంగతి తెలియదు కదా!

అక్క: అందుకే పిల్లిని ఇంట్లో ఉంచమంటాను. మరీ ప్రమాదమనిపిస్తే పిల్లను అదే చెట్టు కొమ్మ మీదో పక్క పొదలోనో కూర్చోబెట్టి, దూరం నుంచి గమనించాలి. మనం దగ్గరుంటే తల్లి దిగదు.

తమ్ముడు: మన చెయ్యి తగిలితే తల్లి చేరదీయదని నానమ్మ అనేది.

అక్క: ఆ మాట అల్లరి చేతుల నుంచి ఎన్నో గూళ్లను కాపాడి ఉంటుంది, కానీ నిజం కాదు. దానికి భయపడే చాలామంది ఈకలు రాని పిల్లను తిరిగి గూటిలో పెట్టరు. గూడు చెదిరిపోతే, అడుగున చిల్లులున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి పరిచి అదే చెట్టుకు కట్టినా తల్లి వస్తుంది. కాకి కోయిల పిల్లకు మేత పెడుతుంటే పొడుస్తోందనుకుని తరిమేవాళ్లనూ చూశాను. ఆ పిల్లకు ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని తరిమేస్తున్నామని వాళ్లకు తెలియదు.

తమ్ముడు: ఏడో తరగతిలో చెప్పుల పెట్టెలో తెచ్చిన ఆ పిల్లకు నేను పాలు పట్టాను. తెల్లవారేసరికి అది చల్లబడిపోయింది.

అక్క: నాకు గుర్తుంది. పక్షులకు పాలు అరగవని అప్పుడు నీకు చెప్పేవాళ్లెవరూ లేరు.

తమ్ముడు: ప్రథమ చికిత్స సంగతి అలాగే ఉండిపోయింది.

అక్క: దెబ్బ తగిలిన పిల్లను గాలి ఆడే అట్టపెట్టెలో, మెత్తటి గుడ్డ మీద, వెచ్చగా చీకటిగా ఉంచి పశువైద్యుడికో అటవీ శాఖకో అప్పగించాలి. పిల్లి నోట పడితే గాయం కనిపించకపోయినా ఆ రోజే చూపించాలి, పంటిగాటు విషమిస్తుంది. రామచిలుక పిల్ల దొరికినా పెంచుకోకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఇక నోట్లో నీళ్లు...

తమ్ముడు: అక్కా, తెల్లపిల్లి గోడ ఎక్కింది. నేను వెళ్లి తోలి వస్తాను.