పాత కరెంటు వైరుతో రాగి కడియం

అందరికీ నమస్కారమండి. ఇంట్లో వైరింగ్ మార్పించినప్పుడు మిగిలిన పాత వైరు ముక్కలు చాలా ఇళ్ళల్లో అటక మీద పడుంటాయి, పాత ఇనప సామాన్ల బండి వస్తే తూకానికి వేసేద్దామని దాస్తాం కదా. ఈసారి వేసేముందు ఒక మూర ముక్క తీసి పక్కన పెట్టండి, దాంతో చేతికి చక్కటి కడియం చేసుకోవచ్చు, కొలిమి అక్కర్లేదు, టంకం అక్కర్లేదు.

వైరు లోపల సన్నటి పోగులు కాకుండా ఒకటే లావు రాగి తీగ ఉండాలి, సింగిల్ కోర్ అంటారు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరైతే తీగ మందం దాదాపు 1.8 మిల్లీమీటర్లు, సరిగ్గా సరిపోద్ది. పైన ప్లాస్టిక్‌ని బ్లేడుతో జాగ్రత్తగా చీరి ఒలవండి, దయచేసి కాల్చి మాత్రం తియ్యకండి, ఆ పీవీసీ పొగలో యాసిడ్ ఆవిరి ఉంటుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి.

ఇక అసలు కిటుకు. రాగిని వంచేకొద్దీ కొట్టేకొద్దీ గట్టిపడుద్ది, అప్పుడు కూడా బలవంతంగా వంచామా, విరిగిపోద్ది, కొత్తగా చేసేవాళ్ళు చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. తీగని పట్టకారతో పట్టుకుని గ్యాస్ స్టవ్ మంట మీద జరుపుతూ మసక ఎరుపు రాగానే నీళ్ళలో ముంచండి, మళ్ళీ మెత్తబడుద్ది. కొడవలి చేసే ఉక్కుని ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుద్ది, రాగి దానికి పూర్తిగా రివర్స్ అన్నమాట. వంటింట్లో లైటు ఆపితే ఆ ఎరుపు బాగా కనబడుద్ది. నైలాన్ బట్టలొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

మెత్తబడ్డ తీగని మధ్యకి మడిచి, ఆ మడతని తలుపు గొళ్ళేనికి తగిలించి, రెండు కొసలూ కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని లాగి ఉంచి తిప్పుతూ పోండి, జడ అల్లినట్టు మెలి పడుతూ వస్తుంది, చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. మెలి పడ్డాక మళ్ళీ గట్టిపడుద్ది కాబట్టి ఇంకోసారి కాల్చి ముంచండి. మణికట్టుకి దారం చుట్టి కొలిచి, వేలెడు సందు వదిలి కత్తిరించి, స్టీలు గ్లాసు చుట్టూ వంచండి. కొసలు ఆకురాయితో గుండ్రంగా అరగదియ్యాలి, లేకపోతే చీర పోగులు లాగేస్తుంది. చివర్లో గ్లాసు మీదే ఉంచి అప్పడాల కర్రతో నెమ్మదిగా కొడితే గట్టిపడి ఆకారం నిలబడుద్ది. కాల్చినప్పుడు పట్టిన నలుపు సంగతంటారా, రాగి చెంబు తోమినట్టే చింతపండు, ఉప్పు వేసి తోమితే తళతళలాడుద్ది.

పాత లోహంతో నగ చెయ్యడం మనకి కొత్తేం కాదండి. ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాంలో ఓజా కళాకారులు తేనెమైనం తీగలు చుట్టి అచ్చు కట్టి, ఇత్తడి కరిగించి పోసి చేసే డోక్రా పనికి 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళది తరాల విద్య, మనం చేసేది దానిముందు చాలా చిన్న పని, అయినా చేత్తో చేసి చూస్తేనే వాళ్ళ పనితనం విలువ మనకి తెలుస్తుంది.

చెమటకి చేతి మీద ఆకుపచ్చ మరక పడితే కంగారొద్దు, కడిగితే పోతుంది, లోపలివైపు నెయిల్ పాలిష్ పూసినా ఆగుద్ది. చెలామణిలో ఉన్న నాణేలతో ఉంగరాలు మాత్రం చెయ్యకండి, 2011 నాణేల చట్టం ప్రకారం వాటిని కరిగించినా పాడుచేసినా నేరం. ఇదే తీగతో చెవులకి వేలాడే కమ్మలు కూడా చేసుకోవచ్చు, కాకపోతే చెవి రంధ్రంలోకి వెళ్ళే కొక్కెం మటుకు షాపులో మంచి స్టీలుదో వెండిదో కొనుక్కోండి, పాత వైరు ముక్క అక్కడ పెట్టొద్దు.