డెవలప్‌మెంట్ చార్జీలు: మూడు కేసులు, ఒక ట్రాన్స్‌ఫార్మర్

అక్క: అందరికీ నమస్కారం. ఇవాళ అపార్ట్‌మెంట్లు, లేఅవుట్లు వేసేవాళ్ల దగ్గర నీళ్లకి, కరెంటుకి, రోడ్లకి అని వసూలు చేసే చార్జీల గురించి. వాటి మీద కోర్టుల్లో నడిచిన గొడవల గురించి. మూడు కేసులు తెచ్చాను.

తమ్ముడు: నేను ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాను.

అక్క: తెలుసు. సాగదీయకు. ముందు అహ్మదాబాద్. అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ, ఔడా అంటారు, అనుమతి ఇచ్చేటప్పుడు డెవలప్‌మెంట్ ఫీజు అడిగేది. అలా వేయొచ్చని చట్టంలో నేరుగా రాసి లేదు. ఊరిని అభివృద్ధి చేసే పని మాకు అప్పగించారు కాబట్టి డబ్బు అడిగే అధికారం కూడా ఇచ్చినట్టేనని వాళ్ల వాదన. 1992లో సుప్రీంకోర్టు కుదరదంది. పన్నైనా, ఫీజైనా, వేసే అధికారం చట్టం విడమరిచి చెప్పాలి, ఉందని అనుకుంటే చాలదంది.

తమ్ముడు: అంటే మన బిల్డర్లు గెలిచారు.

అక్క: గెలిచారు. చట్టంలో రాసుకుంటే ఏమవుతుందో బెంగళూరులో చూడు. అక్కడి అభివృద్ధి సంస్థ బీడీఏ. దాని చట్టంలో 1994లో 32(5ఎ) అనే సెక్షన్ చేర్చారు. నీటి సరఫరా, కరెంటు, రోడ్లు, రవాణా పెంచే పనుల ఖర్చులో కొంత లేఅవుట్ వేసేవాళ్లు డిపాజిట్ చేయాలి. చేర్చింది 1994లో, అమల్లో ఉన్నట్టు లెక్క మాత్రం 1975 నుంచి.

తమ్ముడు: 19 ఏళ్లు వెనక్కా! అప్పటికి నేను పుట్టనేలేదు.

అక్క: కావేరీ నీళ్ల పథకం ఖర్చు మా నెత్తిన ఎందుకని హౌసింగ్ సొసైటీలు కోర్టుకెక్కాయి. 2012లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందంది. అందుకే అధికారం ఉందా లేదా అనే కంటే, ఎంత వేశారు, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది అని అడగడంలోనే ఇప్పుడు పస ఉంది.

తమ్ముడు: ఎస్టిమేట్ కాపీ! నేను మొత్తుకునేది అదే. మన సైటు సంగతి చెప్తాను, కరెంటు ఆఫీసు పేరు వద్దులే. దరఖాస్తు పెడితే కాగితం ఇచ్చారు. ట్రాన్స్‌ఫార్మర్, దిమ్మె, కేబుల్, లేబర్ అన్నీ కలిపి ఒకటే అంకె. విడివిడిగా ఇవ్వండి సార్ అంటే రేపు రండి అన్నారు. రేపు వెళ్తే సారు ఫీల్డుకెళ్లారు.

అక్క: లైసెన్సున్న కాంట్రాక్టర్‌తో నువ్వే చేయించుకుని సూపర్‌విజన్ చార్జీ కట్టొచ్చుగా.

తమ్ముడు: అదే చేశాను! ట్రాన్స్‌ఫార్మర్ కొన్నది నేను. లారీ మాట్లాడింది నేను. దిమ్మె కట్టింది మా మేస్త్రి. చుట్టూ కంచె వేయించి తాళం కూడా నేనే కొన్నాను. కరెంటు ఎక్కించిన రోజు నుంచి అది వాళ్లది. పోయిన నెల చూస్తే పక్క సందులో షాపులకి అందులోంచే లైను లాగారు.

అక్క: ఆస్తి వాళ్లదయ్యాక, కెపాసిటీ ఉంటే ఇంకొకళ్లకి ఇస్తారు. అందులో వింతేముంది?

తమ్ముడు: ఆ షాపుల దగ్గర కూడా చార్జీ కట్టించుకుంటారుగా. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇద్దరి దగ్గరా వసూలు!

అక్క: అలా జరిగితే అడగాల్సిందే. విద్యుత్ చట్టం 2003లో 43వ సెక్షన్ ప్రకారం అడిగినవాళ్లకి కరెంటు ఇచ్చే బాధ్యత డిస్కమ్‌ది, అంటే కరెంటు పంపిణీ సంస్థది. అందుకోసం వేసిన లైనుకి, పరికరాలకి సబబుగా అయిన ఖర్చు రాబట్టుకోవచ్చని 46వ సెక్షన్. అదీ విద్యుత్ నియంత్రణ కమిషన్, ఈఆర్‌సీ అంటారు, దాని రెగ్యులేషన్లు అనుమతించినంత వరకే. సబబో కాదో తేలాలంటే లెక్క చూపించాలి.

తమ్ముడు: కాపీ!

అక్క: నోటితో కాదు, రాసి అడుగు. ఇవ్వకపోతే సీజీఆర్‌ఎఫ్, అంటే వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. నేరుగా హైకోర్టుకి పరుగెత్తితే ముందు అక్కడికి వెళ్లారా అని అడుగుతారు.

తమ్ముడు: సరే, గెలిచాననుకో. నా డబ్బు నాకొస్తుందా?

అక్క: ఎవరి డబ్బు?

తమ్ముడు: నాదే.

అక్క: నీ రేటు షీటు నా దగ్గరుంది. చదవనా?

తమ్ముడు: ఇప్పుడు అదెందుకు?

అక్క: అమెనిటీస్. కార్ పార్కింగ్, జనరేటర్, మంజీరా నీళ్ల కనెక్షన్, ట్రాన్స్‌ఫార్మర్, మీటరు. ఫ్లాటుకి ఇంత అని. అన్నీ కలిపి ఒకటే అంకె, చూశావా?

తమ్ముడు: అందరూ అలాగే తీసుకుంటారు. ముందు పెట్టుబడి పెట్టింది నేను, వడ్డీ కట్టింది నేను.

అక్క: వడ్డీ సంగతి వేరు. మూడో కేసు ఇదే, మఫత్‌లాల్ ఇండస్ట్రీస్ అనే కంపెనీది, సుప్రీంకోర్టులో. 1996 డిసెంబర్, 9 మంది జడ్జీలు. ఎక్సైజ్, కస్టమ్స్ సుంకాల కేసు. చట్టవిరుద్ధంగా వసూలు చేసిన సుంకమైనా సరే, ఆ భారం కొన్నవాళ్ల మీదకి నెట్టేసినవాడికి రీఫండ్ రాదన్నారు. నష్టపోయింది వాడు కాదుగా. నీ కేసుకి కూడా అవతలి లాయరు మొదట తీసేది ఇదే.

తమ్ముడు: అయితే తప్పుగా తీసుకున్నవాళ్లే ఉంచేసుకుంటారా?

అక్క: చివరికి భరించినవాళ్లు అడగొచ్చు. వాళ్లు దొరకని పరిస్థితిలో ప్రభుత్వం దగ్గరే ఉండటం సబబంది కోర్టు. నాకూ అది పూర్తిగా మింగుడుపడదు. కానీ నీ జేబులోకి ఎందుకు రావాలో కూడా అర్థం కాదు.

తమ్ముడు: నువ్వు ఎవరి తరఫు అసలు?

అక్క: ఫీజు ఇచ్చినవాళ్ల తరఫు. నువ్వు ఇంతవరకు ఇవ్వలేదు.

తమ్ముడు: నవ్వకు. కరెంటు రాకపోతే అర్ధరాత్రి ఫోన్లొచ్చేది నాకు. నీకు తీర్పులు చదివితే సరిపోతుంది.

అక్క: …సరే. టీ పెట్టనా?

తమ్ముడు: వద్దు.

అక్క: ఒక్క మాట చెప్పు. ఫ్లాటు ఓనర్లకి నువ్వు ఎస్టిమేట్ కాపీ ఇచ్చావా?

తమ్ముడు: వాళ్లెవరూ అడగలేదు.

అక్క: ఇద్దరు అడిగారు. నాకు కూడా ఫోన్ చేశారు.

తమ్ముడు: నాలుగో ఫ్లోర్ ఆయనేనా? ఆయన ప్రతిదానికీ అడుగుతాడక్కా. గ్రిల్లు పెయింటు కంపెనీ కూడా అడిగాడు.

అక్క: అడిగితే తప్పా?

తమ్ముడు: నేను కంపెనీవాణ్ణి కాదు, ఒక్క అపార్ట్‌మెంట్ కట్టుకునేవాణ్ణి. నా లెక్కల పుస్తకం ఎవరికి పడితే వాళ్లకి ఎలా ఇస్తాను?

అక్క: పుస్తకం ఎవరడిగారు? ట్రాన్స్‌ఫార్మర్ బిల్లు.

తమ్ముడు: అది వేరు, ఇది వేరు.

అక్క: ఎలా వేరో చెప్పు, వింటున్నారు.

తమ్ముడు: తర్వాత చెప్తాను. నీళ్ల చార్జీల సంగతి ఎత్తనే లేదు నువ్వు.

అక్క: వచ్చే వారం. ఖమ్మం నుంచి రాసినాయనా, మీ డిమాండ్ నోటీసులో రెండో పేజీ రాలేదు, అది కూడా పంపండి. మొదటి పేజీలో మొత్తం ఒక్కటే ఉంది.

తమ్ముడు: నీళ్లంటే బోరు గురించి నేను మాట్లాడతాను.

అక్క: వద్దు.

తమ్ముడు: పది నిమిషాలే.

అక్క: నీ పది నిమిషాలు తెలుసు. ఆపేస్తున్నా, మెమరీ కార్డు నిండింది.